పళ్ల గదిలో గిటారు

ఫోన్లో డేటా చవకైన కొత్తలో మా నూజివీడు కుర్రాళ్లందరికీ ఒక్కసారిగా ఏదో ఒక కళ పట్టుకుంది. ఒకడు కండలు పెంచాడు. ఒకడు బిర్యానీ వండటం నేర్చుకుని ఇంటిల్లిపాదినీ మంచం ఎక్కించాడు. ఇంకొకడు షేర్ మార్కెట్టు గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు, ఇప్పటికీ ఆపలేదు. నాకు గిటారు పట్టుకుంది. ఇప్పుడు తలుచుకుంటే అది కళ కాదు, ఒక రకం జ్వరం అనిపిస్తుంది గానీ, అప్పుడు మాత్రం నేను దాన్ని చాలా గంభీరంగా తీసుకున్నాను. నేను చూసిన వీడియోల్లో గిటారు వాయించేవాళ్లెవరూ నవ్వేవారు కాదు. అందుకని నేనూ నవ్వడం మానేశాను. మా అమ్మ ఒకటి రెండు రోజులు చూసి, కడుపులో బాగా లేదేమోనని వాము నీళ్లు కాచి ఇచ్చింది. తాగాను. (కళాకారుడికి కష్టాలు తప్పవని అప్పటికే ఎక్కడో విని ఉన్నాను.)

మాది మామిడికాయల వ్యాపారం చేసే కుటుంబం. మాది అనడమే గానీ వ్యాపారం పెదనాన్నది. మా నాన్న కిరాణా కొట్టు చూసుకునేవాడు. డిగ్రీ అయ్యాక ఏం చెయ్యాలో తోచక నేను పెదనాన్న షెడ్డులో కూర్చునేవాణ్ణి. ఇల్లు ఒకటే, వాటాలు రెండు. పెదనాన్నకు పిల్లల్లేరు. ఆ ముందు ఏడాది వానాకాలంలో మా పెద్దమ్మ పోయింది. అప్పటినుంచీ పెదనాన్న మాట్లాడటం బాగా తగ్గించేశాడు. ఆయన వాటాలో టీవీ మళ్లీ పెట్టలేదు. ఆయన ఇంట్లో ఉండగా మా అమ్మ మిక్సీ కూడా వేసేది కాదు, ఆయన షెడ్డుకు వెళ్లేదాకా ఆగి పచ్చడి రుబ్బేది. పెరట్లో ఒక చిన్న గది ఉంది. పెద్దమ్మ ఉన్నంతకాలం అది పళ్ల గది. వేసవి రాగానే ఇంటికి ఉంచుకున్న కాయలన్నీ ఆవిడ అక్కడ గడ్డిలో మాగవేసేది. పండినవి పండినట్టు పళ్లేలలో పెట్టి వీధిలో ప్రతి ఇంటికీ పంపేది. ఆవిడ పోయాక ఆ గదికి తాళం పడింది. పెదనాన్న అటువైపు నడవడం కూడా మానేశాడు.

సాధన చెయ్యడానికి ఆ గది కావాలని అడిగే ధైర్యం నాకు లేదు. అమ్మ అడిగింది. ఆయన తాళంచెవి తీసి అమ్మ చేతికిచ్చి, "వాడుకోమను. చప్పుడు మాత్రం నా చెవిన పడకూడదు" అన్నాడట. ఆ మాట అమ్మ నాకు చెప్పినప్పుడు నేను తల ఊపాను. నిజం చెప్పాలంటే ఆ మాటకు నేను భయపడలేదు, సంబరపడ్డాను. చప్పుడు బయటికి పోకుండా గదిని కట్టుకోవడం ఎలాగో చెప్పే వీడియోలు అప్పటికి నేను ఎన్ని చూశానో నాకే తెలియదు. ఆ విద్య చూపించడానికి ఒక గది, ఒక కారణం రెండూ ఒకేసారి దొరికాయి.

మా బృందంలో ముగ్గురం. మొదటివాణ్ణి నేను. రెండోవాడు చిన్న పాస్టరు. వాళ్ల నాన్నగారు జి. కొండూరులో పాస్టరు కాబట్టి వీడు చిన్న పాస్టరు అయ్యాడు. పొడుగ్గా, నెమ్మదిగా ఉండేవాడు. చర్చిలో బేసు గిటారు వాయించేవాడు. ఆ గిటారు చర్చిదే. శనివారం సాయంత్రానికల్లా అది చర్చికి తిరిగి చేరాలి, ఆ ఒప్పందం మీదే వాళ్ల నాన్నగారు దాన్ని బస్సెక్కనిచ్చేవారు. ముగ్గురిలో సంగీతం నిజంగా తెలిసినవాడు వాడొక్కడే, కానీ మర్యాదస్తుడు కావడంతో ఆ సంగతి ఎప్పుడూ పైకి అనేవాడు కాదు. మూడోవాడికి మేం పెట్టిన పేరు పెట్టె. మైలవరం రోడ్డు మీద ఆటో నడిపేవాడు. స్టీరింగు మీద దరువు వేయకుండా వాడు బండి నడపడం నేను చూడలేదు. కూర్చుని వాయించే చెక్కపెట్టె వాద్యం ఒకటుందని మేం ఫోన్లో చూసి, దాని ధర కూడా చూసి, ఫోను పక్కన పెట్టేశాం. మా షెడ్డు వెనక పాతకాలపు మామిడి పెట్టెలు పడి ఉంటే ఒకదానికి ముందువైపు పల్చటి ప్లైవుడ్డు కొట్టించి, పక్కన ఒక కన్నం పెట్టి వాడికి ఇచ్చాం, ఆ పేరు అలా వచ్చింది. వాడు దాని మీద కూర్చుని కొడితే పెళపెళమని మంచి మోత వచ్చేది. నూజివీడు అనే అక్షరాలు ప్లైవుడ్డు కింద సగం కనబడుతూ ఉండేవి.

విజయవాడలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న యాంప్లిఫయరు నాది. చిన్న పాస్టరు బేసుకు యాంప్లిఫయరు లేదు. పెట్టె తన ఆటోలో సీటు వెనక ఉన్న స్పీకరును ఊడదీసి తెచ్చేవాడు. (మేం సాధన చేసిన రోజుల్లో మైలవరం వెళ్లే ప్రయాణికులు పాటలు లేకుండానే వెళ్లారు. వాళ్లకు ఈ సందర్భంగా నా క్షమాపణలు.) యాంప్లిఫయరుతో వచ్చిన చిక్కేమిటంటే, పక్కింట్లో మోటారు వేస్తే అది గుయ్యిమని మొదలుపెట్టేది. ఒక్కోసారి నేను తీగ ముట్టుకోకుండానే అందులోంచి రేడియోలో ధాన్యం తేమ గురించి ఎవరో మాట్లాడేవారు. ఇంటికి సరైన ఎర్తు లేదని వీడియోలో ఒకాయన చెప్పాడు. దాంతో గది వెనక ఒక ఇనుప కడ్డీ పాతి, వైరు చుట్టి, అక్కడి నేల ఎప్పుడూ తడిగా ఉండాలి కాబట్టి రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్లు పోసేవాణ్ణి. పెదనాన్న వరండాలోంచి అది చూసేవాడు. ఇనుప కడ్డీకి శ్రద్ధగా నీళ్లు పోస్తున్న తమ్ముడి కొడుకును చూసి ఆయన ఏమనుకున్నాడో అడగలేదు. నాన్నతో మాత్రం, వాడికి కొన్నాళ్లు షెడ్డు పని ఎక్కువ పెట్టకు అన్నాడని తర్వాత తెలిసింది.

ఇక గది కట్టడం. వీడియోల్లో గోడలకు నల్లటి స్పాంజి పలకలు అంటించి ఉండేవి. అవి మన వల్ల అయ్యే పని కాదు. అవి లేకపోతే మందపాటివి, మెత్తటివి, గాలి చొరనివి ఏవైనా పనికొస్తాయని అందులోనే చెప్పారు. మాకు దొరికేవి మేం తెచ్చుకున్నాం. బిర్యానీ సెంటరాయన్ని అడిగి కోడిగుడ్ల అట్టలు తెచ్చి కప్పుకు అంటించాం. గోనె సంచుల్లో వరిగడ్డి కూరి గోడల పొడుగునా నిలబెట్టాం. నేల మీద గడ్డి మందంగా పరిచి, పైన పాత జంపఖానా వేశాం. కిటికీకి బొంత కట్టాం. తలుపు సందుల్లో గుడ్డపీలికలు కుక్కి, లోపల్నుంచి టేపు అంటించుకుని కూర్చునేవాళ్లం. మామిడి వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, గడ్డి, గోనె, గాలాడని గది, ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో ఊయల్లో ఉన్ననాటి నుంచి వింటూ పెరిగినవాణ్ణి నేను. అయినా ఆ గదిని చూస్తే నాకు స్టూడియోనే కనబడింది. పెట్టె కూడా చుట్టూ చూసి, హైదరాబాదులో ఉన్నట్టుందిరా అన్నాడు. వాడు హైదరాబాదు చూడలేదు.

పరీక్ష కూడా చేశాం. నేను, చిన్న పాస్టరు లోపల వాయిస్తుంటే పెట్టె వెళ్లి పెదనాన్న వరండా ముందు చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి వినేవాడు. మొదట్లో బాగానే వినబడుతోందని వచ్చి చెప్పేవాడు. ఇంకో సంచి గడ్డి పెట్టేవాళ్లం. చివరికి ఒకరోజు వచ్చి, అటక మీద ఎలకలు తిరుగుతున్నంత వినబడుతోంది, అంతకు మించి ఏం లేదన్నాడు. మేం ఒకరి చేతులు ఒకరం పట్టుకున్నాం. పెదనాన్నకు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నామని నేను నిజంగా నమ్మాను. ఆయనకు మిగిలింది ఆ నిశ్శబ్దం ఒక్కటే, దాన్ని నా గిటారుతో చెడగొట్టకూడదని నాకు గట్టిగా ఉండేది. నాకెంత తెలివి లేకపోయినా ఆ మాత్రం భయం, ప్రేమ ఉండేవి.

ఇంతలో సీజను వచ్చింది. పెద్దమ్మ పోయాక అదే మొదటి సీజను. ఈ ఏడాది షెడ్డు తెరవనని పెదనాన్న అంటూ వచ్చాడు. నాన్న బతిమాలగా బతిమాలగా, ఉత్తరాది సేటుకు బంగినపల్లి నమూనా పంపుతాను, కాయ చూసి ఆయన సరేనంటే చేస్తాను, లేకపోతే ఇంతటితో మూసేస్తాను అన్నాడు. నమూనా అంటే తోటలో ఏరి కోసిన గట్టి పచ్చికాయ. అది దారిలో మెల్లగా రంగు తిరుగుతూ వెళ్లి, సేటు పెట్టె తెరిచే వేళకు పండుకు రావాలి. ఇక్కడే పండితే అక్కడికి చేరేది రసమే. పెదనాన్న తానే దగ్గరుండి కోయించి అట్టపెట్టెల్లో సర్దించాడు. తీరా లారీ ఇవాళ రేపు అంటూ వాయిదా వేసింది. రేకుల షెడ్డులో ఎండ మండిపోతోంది. ఇంట్లో చల్లటి చోటు పెరటి గదే కాబట్టి ఆ పెట్టెలను అక్కడ పెట్టించమని షెడ్డు మేస్త్రికి చెప్పాడు. తాను మాత్రం రాలేదు.

మేస్త్రి పెట్టెలు గుమ్మంలో దించి వెళ్లిపోయాడు. వాటిని చూసి నాకు కలిగిన ఆనందం ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గుగా ఉంటుంది. బేసు శబ్దం గది మూలల్లో పోగవుతుందని, మూలల్లో బరువైనవి పేర్చితే గాని అది అణగదని వీడియోలో పదేపదే చెప్పారు. అంత బరువైనవి ఎక్కడ దొరుకుతాయా అని అప్పటికే దిగులుగా ఉన్నాను. నాలుగు మూలలా కప్పుదాకా పేర్చాను. సందుల్లో గడ్డి కూరాను. పైన రెండు బొంతలు కప్పాను. చిన్న పాస్టరు తీగ మీటి, చెవి పెట్టి విని, బాగా తేడా ఉందండీ అన్నాడు. (సంతోషం ఎక్కువైతే వాడు నన్ను కూడా అండీ అనేవాడు.) లారీ వారం దాటినా రాలేదు. మేం రోజూ సాయంత్రం ఆ పెట్టెల మధ్య తలుపు బిగించుకుని, చెమటలు కక్కుకుంటూ, వేడెక్కిన యాంప్లిఫయరు పక్కన వాయిస్తూనే ఉన్నాం. పండు వాసన వచ్చిందా అంటే వచ్చింది. కానీ ఆ నెలలో నూజివీడులో మామిడిపండు వాసన రావడం లేదంటేనే ముక్కు చూపించుకోవాలి. పెట్టె ఆటోలో పళ్లు తెచ్చుకుని తిని వస్తున్నాడనుకుని నేను లోలోపల కాస్త కోపంగా కూడా ఉన్నాను.

చివరికి ఒక సాయంత్రం లారీ వచ్చింది. పెట్టెలు తెమ్మని పెదనాన్న మేస్త్రిని పంపాడు. మేస్త్రి తలుపు కొట్టాడట. మాకు వినబడలేదు. చప్పుడు బయటికి పోకుండా మేం చేసిన ఏర్పాటు బయటి చప్పుడును మాత్రం నిక్షేపంగా ఆపింది. అతను గట్టిగా బాదాడు, పిలిచాడు, కిటికీ వైపు వెళ్లి బొంత మీద గుద్దాడు. లారీ డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు. చివరికి మేస్త్రి వెళ్లి, అబ్బాయి తలుపు తియ్యడం లేదండీ అని చెప్పాడు. పెదనాన్న కండువా భుజాన వేసుకుని, ఏడాదిగా అడుగు పెట్టని పెరటివైపు తానే నడిచి వచ్చాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యాంప్లిఫయరు ఆగింది, పెట్టె చేతులు ఆగాయి, తలుపు మీద తట్టడం వినబడింది. చిన్నగా, రెండుసార్లు. నేను టేపు ఊడబెరికి తలుపు తీశాను.

గదిలో ఇన్నాళ్లూ మాగిన వాసన ఒక్కసారిగా ఆయన మీదికి వెళ్లింది. పెదనాన్న గుమ్మంలో అలాగే ఉండిపోయాడు. ఆయన ముఖం చూశాక నాకు ఎక్కడలేని అనుమానం వచ్చి, వెనక్కి తిరిగి మూలలో బొంత ఎత్తి ఒక అట్టపెట్టె మూత తీశాను. అందులో ఒక్క పచ్చికాయ లేదు. అన్నీ పసుపు పచ్చగా, కాడ దగ్గర చిన్న ముడత పడి, తినడానికి సిద్ధంగా ఉన్నాయి. సేటు నమూనా పోయింది, సీజను పోయింది, షెడ్డుకు తాళం పడ్డట్టే, అదంతా నా బేసు మూలల పుణ్యం. చిన్న పాస్టరు గిటారు నేల మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. వాడు లోలోపల ప్రార్థన చేశాడని తర్వాత చెప్పాడు. పెట్టె మాత్రం తన పెట్టె మీంచి లేవలేకపోయాడు.

పెదనాన్న చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. గోడల నిండా ఉన్న గోనె సంచులను, కప్పుకు అంటించిన గుడ్ల అట్టలను చూశాడు. ఒక పండు తీసి బొటనవేలితో కాడ దగ్గర నొక్కాడు. వంగి జంపఖానా అంచు ఎత్తి కింద చూశాడు.

"గడ్డి ఎవరు పరిచారు?"

"నేనే పెదనాన్నా. చప్పుడు బయటికి రాకూడదని."

ఆయన గడ్డిలో చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. "మీ పెద్దమ్మ ఇంకొంచెం మందంగా వేసేది" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి, భయంతో వచ్చాయో దేనితో వచ్చాయో చెప్పలేను. తర్వాత ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, మామూలు గొంతుతో మేస్త్రిని పిలిచి, లారీని పంపించెయ్యమని, పొద్దున్నే కాయలు కోసే చిక్కాలతో తోటకు మనుషుల్ని రమ్మనమని చెప్పాడు. ఆ తర్వాత సేటుకు ఫోను చేసి, తనకు వచ్చిన కొద్దిపాటి హిందీలో, పంపాల్సిన కాయ ఇంట్లోవాళ్లకు నచ్చి ఉంచేసుకున్నారని, వేరేవి వస్తున్నాయని చెప్పాడు. సేటు నవ్వడం నాకు ఫోనులోంచి వినబడింది. చివరగా మా అమ్మను పిలిచి పళ్లేలు తెమ్మన్నాడు. "పండినవి ఇంట్లో పెట్టుకుని కూర్చుంటామా? వీళ్లని వీధిలో ఇచ్చి రమ్మను" అన్నాడు.

పళ్లేలు మోసింది మేం ముగ్గురమే. ఏడాది తర్వాత మా ఇంటి నుంచి పళ్లెం రావడం చూసి, మొదటి ఇంట్లో ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. వెంటనే, "గిటారు నువ్వేనా బాబూ? రెండో పాట బాగుంటుంది. అదొస్తుంటే మావారు వార్తలు కట్టేస్తారు" అంది. రెండో ఇంట్లో రిటైరైన మాస్టారు, తాళం అక్కడక్కడా పరుగెడుతోందని పెట్టెకు చెప్పారు. ఎదురింట్లో కుట్టుమిషనావిడ, మీ పాటకే నా మిషను తొక్కుడు కుదురుతుందండీ అంది. ఒక్కో ఇల్లు దాటుతుంటే మేం ఒక్కో అడుగు కుంగిపోయాం. అన్ని సంచుల గడ్డి, అన్ని అట్టలు, అన్ని బొంతలు పెట్టినా వీధి వీధంతా మమ్మల్ని మొదటి నుంచీ వింటూనే ఉంది. పెట్టె వైపు చూస్తే వాడు తల దించుకున్నాడు. ఇంకా సంచులు మొయ్యలేక ఎలకల కథ చెప్పాడట.

వీధి చివరి ఇంటికే వినబడితే వరండాలో కూర్చునే ఆయన సంగతి ఏమిటి? ఖాళీ పళ్లేలతో తిరిగి వచ్చాం. పెదనాన్న వరండాలోనే ఉన్నాడు. చేతిలో పండు ఉంది. మమ్మల్ని చూసి కూర్చోమన్నట్టు అరుగు చూపించాడు.

"ఆ రెండో పాట రోజూ సగంలో ఆపేస్తారేంట్రా? తర్వాత ఏముంది?"

అది చిన్న పాస్టరు కట్టిన పాట. సగంలో ఎఫ్ కార్డు అనే పట్టు వస్తుంది. చూపుడువేలు ఒక్కటే ఆరు తీగల మీదా పరిచి అదిమిపెట్టాలి. నా వేలికి ఆ బలం లేదు. అక్కడికి రాగానే గిటారు దగ్గినట్టు ఏదో శబ్దం చేసేది, మేం మళ్లీ మొదటికి వెళ్లేవాళ్లం. ఆ తర్వాత ఏముందో చిన్న పాస్టరుకు తెలుసేమో గానీ నాకు, పెట్టెకు ఎప్పుడూ తెలియలేదు. అదే చెప్పాను. చెప్పి, ఆయనకు వినబడుతోందని మాకు తెలియదని, తెలిసుంటే వాయించేవాళ్లం కాదని కూడా చెప్పాను.

"నేనే చెప్పలేదుగా" అన్నాడు పెదనాన్న. "మొదట్లో కోపం వచ్చింది. తర్వాత మీరు రాని రోజున పొద్దు పోయేది కాదు. ఇంట్లో ఏదో ఒకటి వినబడాలి కదరా."

ఆ సీజను షెడ్డు తెరిచే ఉంది. మర్నాడు కోసిన కాయ సేటుకు నచ్చింది. నేను వేలు వాచిపోయేదాకా ఎఫ్ కార్డు పట్టాను. కొన్నాళ్లకు పాట చివరిదాకా వచ్చింది. ఒక సాయంత్రం తలుపు తెరిచి పెట్టి, పెదనాన్న పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే, మొత్తం వాయించాం. ఆయన చివరిదాకా కదలకుండా విని, కాసేపు ఆలోచించి, మొదటి సగమే బాగుందన్నాడు. చిన్న పాస్టరు ఒప్పుకున్నాడు.

ఇప్పుడు నేను విజయవాడలో ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. పెదనాన్న లేడు. నా గదిలో గోడలకు నిజమైన నల్ల స్పాంజి పలకలు ఉన్నాయి. యాంప్లిఫయరుకు హెడ్‌ఫోన్సు ఉన్నాయి. బేసు, తాళం అన్నీ కాలితో నొక్కే ఒక పెడలులోంచే వస్తాయి కాబట్టి ఇంకెవరూ రానక్కర్లేదు. ఎవరి చెవినా పడకుండా వాయించడం నాకు చివరికి పూర్తిగా చేతనైంది. ఆ విద్య కోసం బస్తాల కొద్దీ గడ్డి మోసిన ఆ నవ్వని కుర్రాడు గుర్తొస్తే నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఈమధ్య ఆదివారం సాయంత్రాలు హెడ్‌ఫోన్సు తీసేసి, గది తలుపు, బాల్కనీ తలుపు తెరిచి పెట్టి, సౌండు కొంచెం పెంచి వాయిస్తున్నాను. పక్క ఫ్లాటాయన ఇంతవరకూ ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనడానికైనా వచ్చి తలుపు తడతాడేమోనని చూస్తున్నాను.